ముప్పై వేల ముప్పై ఒక్క బొమ్మలు

ఏడవ ఆశ్వాసం

ఒక్కటై యుండి లెక్కకు నొదుగకుండ
కోటి రూపుల వెలుఁగుచుఁ గొలువుదీరి
శేష మెఱుగని పూర్ణవై చెలఁగు తల్లి
నిన్నుఁ దలఁతును వాక్కున నిలువుమమ్మ

ఆ తల్లిని తలచుకొని, హేమకూల రాజ్యపు కథను నిశ్చలగిరి పాదం దగ్గర అందుకొందాము.

హేమకూలం సామాన్యమైన నగరం కాదు. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికొక పూలతోట, తోటకొక నెమళ్ళ బారు. మేడల మీది పసిడి కలశాలు ఎండకు ధగధగలాడుతుంటే ఆకాశాన పోయే కొంగలు కళ్ళు చికిలించుకొని పోయేవి. అంతటి నగరంలో ఇప్పుడు పొయ్యి వెలగడం లేదు, గుడిగంట మోగడం లేదు. జటిలాంకుడనే మాంత్రికుడు ఒక్క ఊదు ఊది, నగరవాసులు ముప్పై వేల ముప్పై మందినీ బొటనవేలంత మట్టిబొమ్మలుగా మార్చి మూట కట్టుకొని పోయాడు. అంతటితో ఆగినా బాగుండేది. తూర్పు ద్వారం దాటి నాలుగడుగులు వేశాక, ఏదో మరచినవాడిలా నిలబడి, ఏటి ఒడ్డున నూలు తడుపుకొంటున్న దేవలయ్య అనే నేతగాణ్ణి కూడా బొమ్మను చేసి మూటలో వేసుకొన్నాడు. ఊరంతటినీ పట్టుకొన్నవాడికి ఊరి బయటి ఆ ఒక్క మనిషితో ఏమి పని అని ఎవరికైనా తోస్తుంది. దేవలయ్య భార్య చౌడమ్మ ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకొన్నాక మొదట అనుకొన్నదీ అదే.

చౌడమ్మ ఆ వేళ దూరపు గుట్ట మీది నూలమ్మ తల్లి గుడిలో ఉండి బతికిపోయింది. యువరాజు కీర్తిధ్వజుడు పులివేటకు పోయి బతికిపోయాడు. ఆ పులి కూడా బతికిపోయిందని గిట్టనివారు అంటారు, మనకెందుకు. ఇద్దరూ ఖాళీ నగరంలో ఎదురుపడి, ఏడు రోజులు నడిచి, ఈ ఉదయానికి నిశ్చలగిరిని చేరుకొన్నారు.

జటిలాంకుడు పండితులను తప్ప మరెవ్వరినీ గుహలో అడుగు పెట్టనివ్వడని దారిలో విన్నారు కనుక చౌడమ్మ మగవేషం కట్టింది. తలకు పెద్ద పాగా, భుజాన శాలువ, మెడలో రుద్రాక్షలు, ముక్కు కింద నల్లనూలు మీసం. ఆ మీసాన్ని నేతగంజితో అంటించుకొన్నది. యువరాజు శిష్యుడై నెత్తిన గ్రంథాల బుట్ట మోస్తున్నాడు. ఆ బుట్టలో గ్రంథమన్నది ఒక్కటీ లేదు. అడుగున కత్తి, పైన మగ్గపు పుల్లలు.

"గురువుగారూ, కొంచెం నెమ్మదిగా నడవండి. ఈ బుట్ట నా మెడ విరుస్తున్నది" అన్నాడు యువరాజు.

"శిష్యుడన్నాక మోయాలి బాబూ" అని, వెంటనే సర్దుకొని, "మోయాలిరా. చదువు ఊరికే వస్తుందా" అన్నది చౌడమ్మ.

వారం కిందట ఆయన గుర్రం ఎదురైతే దారి పక్కకు ఒదిగి నిలబడిన మనిషి ఆమె. ‘రా’ అన్నప్పుడల్లా గుండె జంకుతూనే ఉన్నది. అయినా ఆ మాటలో కొంత రుచి ఉన్నదని కూడా ఆమె గ్రహించింది. అందుకే అవసరం లేనిచోట కూడా రెండుసార్లు అన్నది.

కొండ మొదట్లో నిప్పుల వాగు అడ్డం వచ్చింది. నీటికి బదులు కణకణలాడే బొగ్గులు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ, ఎర్రని పొగ చిమ్ముతూ, పాము కదిలినట్లు కదులుతున్నాయి. ఆవలి ఒడ్డున ఏనుగు దంతంలాంటి రాతికొమ్ము ఒకటి వాగు మీదికి వంగి ఉన్నది.

"ఆ కొమ్ముకు తాడు తగిలిస్తే ఊగి దాటవచ్చు. మీ నడుముకు చుట్టుకొన్న వస్త్రం ఇవ్వండి" అన్నాడు కీర్తిధ్వజుడు.

"ఇది తాడు కాదు. అమ్మవారి పైట. పండగకు సమర్పించవలసినది."

"ఒక మనిషి బరువు ఆపదా?"

"ఐదువందల ముప్పై ఒక్క పోగులు. ఇద్దరినీ ఆపుతుంది. నేనే ఆపనివ్వను."

"అదేం లెక్క? ఐదువందల ముప్పై చాలక పైన ఒకటి ఎందుకు?"

వాగు సెగ మొహానికి కొడుతున్నా చౌడమ్మ ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కదలలేదు. నేతపని గురించి ఎవరైనా ఒక్క మాట అడిగితే చాలు, ఆమెకు ప్రపంచం గుర్తుండదు. "అరవై పోగులు మాకు ఒక పుంజం బాబూ. పడుగు తోడేటప్పుడు ప్రతి పుంజంలోనుంచీ ఒక పోగు తీసి అమ్మ పేరిట దాస్తాము. బట్టలోకి పోయేది యాభై తొమ్మిదే. దాచిన పోగులతో ఏటేటా అమ్మకు పైట నేస్తాము. ఆ పైటలో కూడా పుంజానికి యాభై తొమ్మిదే. మనం వదులుకొంటున్నామని అమ్మ కూడా తన వంతు వదులుకొంటుందట. అలాంటి పుంజాలు తొమ్మిది, అమ్మ తొమ్మిది రూపాలకూ తొమ్మిది. మా ఇళ్ళలో పిల్లలకు మాటలు వచ్చీరాగానే ఐదువందల ముప్పై ఒకటి అనడం వస్తుంది."

"చాలా బాగున్నది" అన్నాడు యువరాజు ఆవలిస్తూ.

చివరకు ఆయన రాచపట్టు ఉత్తరీయమే కొమ్ముకు చిక్కింది. చౌడమ్మను వీపున ఎక్కించుకొని, బుట్టను పళ్ళతో పట్టుకొని, హేమకూల సింహాసన వారసుడు నిప్పుల మీదుగా ఊగాడు. ఆవలి గట్టున పడేటప్పటికి ఉత్తరీయం బూడిద, పంచె అంచు మసి. బుట్ట మాత్రం భద్రంగా ఉన్నది.

కొండ ఎక్కగానే గుహాద్వారం. ఇరుపక్కలా రెండు రాతి సింహాలు కళ్ళు తెరిచాయి.

"నిలువుము. ఏయే శాస్త్రములు చదివితివి?" అని పెద్ద సింహం గర్జించింది.

చౌడమ్మ పాగా సర్దుకొన్నది. అబద్ధమాడితే నాలుక తడబడుతుందని ఆమెకు తెలుసు. అందుచేత తన మగ్గాన్ని తలచుకొని, దాని భాగాలనే వేదం చదివినట్లు స్వరం పెట్టి చెప్పింది. "పడుగు. పేక. ఆసు. కండె. నాడె. అచ్చు. ఆరింటినీ సాంగోపాంగంగా."

సింహాలు ఒకదాని మొహం ఒకటి చూసుకొన్నాయి. మూడువందల ఏళ్ళుగా పండితులను వడగడుతున్న తమకు ఈ శాస్త్రాల పేర్లే తెలియవని ఒప్పుకోవడానికి రెంటికీ సిగ్గు వేసింది.

"నాడె మీద మాకు కొంత పరిచయం ఉన్నది" అన్నది పెద్ద సింహం.

"మిక్కిలి లోతైనది" అన్నది చిన్న సింహం, దారి ఇస్తూ.

లోపల గుహ కాదు, రాజసభ. పైకప్పు రంధ్రం గుండా మధ్యాహ్నపు ఎండ నిట్టనిలువు స్తంభంలా దిగుతున్నది. గోడల నిండా కెంపులు దానిమ్మ గింజల్లా మెరుస్తున్నాయి. నేల అంతా నల్లరాయి, చెరువంత విశాలం, అద్దమంత నునుపు. ఒక మూల అగ్నిగుండం బుసకొడుతున్నది. మరొక మూల, నెలల తరబడి కోసిన మిరపకాయల రాశిలా, మట్టిబొమ్మల గుట్ట. నేలకు ఇరువైపులా మనిషెత్తు ఇత్తడి సెమ్మెలు, మూడూ మూడూ ఆరు, తలల మీద దీపాలతో నిలబడి ఉన్నాయి.

నడుమ పులితోలు మీద జటిలాంకుడు. గడ్డాన్ని ఆరు జడలుగా అల్లుకొని, ఒక్కొక్క జడకూ ఒక్కొక్క వెండి గజ్జె కట్టుకొన్నాడు. తల ఆడిస్తే చాలు, సంగీతం.

"దయచేయండి పండితా. ఎవరో ఒకరు వస్తారనే చూస్తున్నాను. ఇంతకు మునుపు వచ్చినవారు వీరే, వీరికి మాటాడే వరం కూడా ఉంచాను, పొద్దుపోవాలి కదా" అని సెమ్మెలను చూపించాడు.

కుడివైపు మొదటి సెమ్మె గొంతు సవరించుకొన్నది. "హేమకూల ఆస్థాన గణకుణ్ణి, పుండరీక సోమయాజిని. తీర్థయాత్రలో ఉండటం వల్ల ఊదు తప్పించుకొన్నాను. నా శిష్యులు ఐదుగురితో నగరాన్ని విడిపించడానికి వచ్చాను. ప్రస్తుతం ఈ స్థితి."

"వెలుగు బాగానే ఇస్తున్నారు" అన్నాడు యువరాజు.

జటిలాంకుడు వేలెత్తాడు. "విడుదల లేని మంత్రం కట్టినవాడినే కాలుస్తుందని మా శాస్త్రం. అందుచేత విడుదల పెట్టాను, ఎవ్వరివల్లా కానిది పెట్టాను. వరుసకు ఇన్ని అని ఒక్క సంఖ్య చెప్పండి. బొమ్మలు వాటంతట అవే బారులు తీరుతాయి. అన్ని బారులూ సమానంగా వచ్చి ఒక్క బొమ్మ కూడా మిగలకపోతే అందరూ మనుషులౌతారు. మిగిలితే మీరు ఏడవ సెమ్మె."

"అన్నింటినీ ఒకే వరుసలో నిలబెడితే?" అన్నాడు యువరాజు.

"అది వరుస కాదు నాయనా, తోక. చెల్లదు. వరుసకు ఒక్కటి చొప్పున పెట్టినా చెల్లదు."

యువరాజు చౌడమ్మ చెవి దగ్గరికి వంగి, "నన్ను బొమ్మను చేయమంటాను. ముప్పై వేల ముప్పై రెండు అవుతాయి, రెండేసి నిలబెట్టేయండి" అని గుసగుసలాడాడు. గుహలో గుసగుస కూడా నలుమూలలా మోగుతుంది.

"అందుకే ఓడినవారిని బొమ్మలను చేయడం లేదు, సెమ్మెలను చేస్తున్నాను" అన్నాడు జటిలాంకుడు గజ్జెలు ఘల్లుమనేలా నవ్వుతూ. "మీ శిష్యుడు తెలివైనవాడే, కాస్త ఆలస్యంగా."

తరువాత ఆయన లేచి, గుట్ట అంచున విడిగా నిలబడిన ఒక బొమ్మను రెండు వేళ్ళతో తీశాడు. "ఈ సంఖ్య అందం మీకు చెప్పాలి. పంపకాలకు ఆరుగురు ద్వారపాలకులు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు. ఆరుగురినీ గుణిస్తే ముప్పై వేల ముప్పై. సరిగ్గా అంతమంది జనం ఉన్న నగరం కోసం పన్నెండేళ్ళు దేశాలు తిరిగాను. దొరికాక ఒక్కణ్ణి చేర్చాను. ఇక ఆ ఆరుగురిలో ఎవరు పంచినా ఒకడు మిగలవలసిందే. సోమయాజి రెండేసి అన్నాడు, ఒకడు మిగిలాడు. శిష్యులు మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు అన్నారు. ప్రతిసారీ ఒకడే మిగిలాడు, ప్రతిసారీ వీడే మిగిలాడు. చివరన చేరినవాడు కదా."

అంటూ ఆ బొమ్మ నుదుటి మీద చిటికెన వేలితో టక్కున కొట్టాడు. బొమ్మ నుదుట అప్పటికే ఆరు చిన్న సొట్టలు ఉన్నాయి. దాని చేతిలో తడిసిన నూలు చిలప ఒకటి ఉన్నది.

ఆ చిలపను చూసి చౌడమ్మ తన దేవలయ్యను గుర్తుపట్టింది. మీసం కింద పెదవి కరుచుకొని నిలబడింది. ఊరంతటినీ తీసుకొన్నవాడికి ఆ ఒక్క మనిషి ఎందుకు కావలసి వచ్చాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మిగలడానికి.

"ఏడవసారి కూడా వీడే మిగిలితే వీణ్ణి ఈ గుండంలో వేస్తాను. చూసి చూసి విసుగు పుట్టింది" అన్నాడు జటిలాంకుడు.

"ప్రయత్నించకండి పండితా" అన్నది సోమయాజి సెమ్మె. బాధ వల్ల దీపం పొడుగ్గా లేచింది. "ఆరుగురు ద్వారపాలకులకూ లొంగని సంఖ్య ఎవ్వరికీ లొంగదు. అది అఖండం. మా గురువుగారి వాక్యం."

"మా గురువుగారు కూడా ఆయనే" అన్నాడు జటిలాంకుడు ఆప్యాయంగా. "బిరుదు మాత్రం ఇతనికి ఇచ్చారు. ఆ వాక్యం మీది నమ్మకంతోనే, ఈ సంఖ్య ఎంత అఖండమో నా శరీరమూ అంత అఖండమని ప్రమాణం చేసి మంత్రం కట్టాను. ఇక చెప్పండి. గిన్నె మునిగేదాకా గడువు."

నీళ్ళ తొట్టిలో చిల్లి ఉన్న రాగి గిన్నెను వదిలాడు. అది నెమ్మదిగా నీరు తాగడం మొదలుపెట్టింది.

"కత్తి తీయనా?" అన్నాడు యువరాజు.

"ఊరుకోరా. తొందరపడి బొమ్మను నరికావంటే లెక్క మారుతుంది" అన్నది చౌడమ్మ. ఈసారి ‘రా’ అన్న సంగతి ఆమెకు తెలియనే లేదు.

ఆమెకు ద్వారపాలకులు తెలియరు. తెలిసిన లెక్క ఒక్కటే, పడుగు లెక్క. పోగులు ఎన్ని ఉన్నా ముందు పుంజాలు కట్టుకోవాలి. మనసులోనే బొమ్మలను పోగులుగా పరుచుకొన్నది.

"అయ్యా సోమయాజిగారూ, అరవై చొప్పున కడితే ఎన్ని వస్తాయండీ?" అని అడిగింది.

"అరవైలు అయిదువందలు, ముప్పై వేలు. శేషం ముప్పై ఒకటి. ఒకటి మిగిలితేనే చెల్లదంటుంటే ముప్పై ఒకటి మిగిల్చే సంఖ్య ఎందుకు నాయనా మీకు?"

గిన్నె సగం మునిగింది.

అయిదువందల పుంజాలు, ముప్పై ఒక్క పోగులు. అరవై అని చెప్పడానికి నోరు తెరిచి, చౌడమ్మ ఆగింది. ముప్పై ఏళ్ళుగా మగ్గం మీద ఏ పుంజాన్నీ ఆమె అరవైగా ఎక్కించలేదు. చేయి దానంతట అదే కదిలింది. ప్రతి పుంజంలోనుంచీ ఒక పోగు తీసి పక్కన పెట్టింది. అయిదువందల పుంజాలలోనుంచి అయిదువందల పోగులు అమ్మ వంతు. పుంజం కట్టడానికి చాలని ముప్పై ఒకటి? చాలని పోగులు కూడా అమ్మ బుట్టలోకే పోతాయి. అయిదువందలూ ముప్పై ఒకటీ.

నడుము చుట్టూ ఉన్న పైట ఒక్కసారి వెచ్చగా తగిలింది.

ఐదువందల ముప్పై ఒకటి. మాటలు రాగానే నేర్చిన లెక్క. యాభై తొమ్మిది చొప్పున తొమ్మిది పుంజాలు, ఒక్క పోగు ఎక్కువ లేదు, ఒక్క పోగు తక్కువ లేదు. ఊరివి అయిదువందలు, అమ్మవి తొమ్మిది.

"వరుసకు యాభై తొమ్మిది" అన్నది చౌడమ్మ.

సోమయాజి దీపం రెపరెపలాడింది. "యాభై తొమ్మిదా? అదెక్కడి సంఖ్యండీ? మా శాస్త్రంలో ఎవరూ దాని మొహం చూసిన పాపాన పోలేదు."

జటిలాంకుడు కూడా కొంచెం జాలిగా చూశాడు. అంతలో బొమ్మలు లేచాయి. గుట్ట కరిగి, నల్లరాతి మీద టకటకమని వడగళ్ళు కురిసినట్లు గెంతుతూ, యాభై తొమ్మిదేసి బారులు తీరసాగాయి. పది బారులు, నూరు బారులు. ముందు రాచకుటుంబం, వెనుక మంత్రులు, సేనలు, వర్తకులు, వంటవారు, మావటీలు. మూడువందలు, అయిదువందలు. సెమ్మెలు ఊపిరి బిగబట్టినట్లు దీపాలన్నీ కదలక నిలిచాయి. అయిదువందల ఎనిమిదవ బారు నిండింది. అయిదువందల తొమ్మిదవది మొదలైంది. ఇరవై, నలభై, యాభై. గిన్నె గుడగుడమని మునిగింది. ఆఖరున గెంతిన బొమ్మ ఆగిపోగానే గుహ నిశ్శబ్దమైపోయింది.

ఇంకా ఒక బొమ్మ విడిగా నిలబడి ఉన్నది. నుదుట ఆ సొట్టలు, చేతిలో తడి చిలప.

"మళ్ళీ వీడే" అని జటిలాంకుడు నిట్టూర్చి, వంగి, చేయి చాచాడు.

"అయ్యా" అన్నది చౌడమ్మ. "ఆ బారు ఒకసారి లెక్కపెట్టండి."

జటిలాంకుడు లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. చివరన ఒక్క బొమ్మ పట్టేంత చోటు ఖాళీగా ఉన్నది. ఆయన వేళ్ళు తాకేలోపల దేవలయ్య బొమ్మ, పని ముగించుకొని ఇంటికి పోయేవాడి తీరుగా, ఒక్క గెంతు గెంతి ఆ చోట నిలబడింది.

కొండ ఘల్లుమన్నది. ఆ మోత గజ్జెలది కాదు. నల్లరాతి మీద ముప్పై వేల ముప్పై ఒక్క మంది మనుషులు ఒక్కసారి ఊపిరి తీసుకొన్నారు. సెమ్మెలు ఆరూ పండితులై కూలబడి, తలలు తడుముకొని, చమురు చేతికంటితే మొహాలు చిట్లించాయి.

జటిలాంకుడు తన చేతులను చూసుకొంటున్నాడు. సంఖ్యతోబాటు శరీరమూ అఖండమని ప్రమాణం చేసినవాడు కదా. మొదట ఆరు జడలు విడివడ్డాయి, తరువాత ఆయనే విడివడ్డాడు. పులితోలు మీద యాభై తొమ్మిది మంది బొటనవేలంత జటిలాంకులు నిలబడి, "నేనే అసలువాణ్ణి" అని ఒకరి గడ్డం ఒకరు పీక్కోవడం మొదలుపెట్టారు.

చౌడమ్మ ఇవేవీ చూడలేదు. ఆఖరి బారు ఆఖరి మనిషి దగ్గరకు పరుగెత్తింది. దేవలయ్య నుదురు రుద్దుకొంటూ ఆమెను ఎగాదిగా చూశాడు. సెగకు గంజి కరిగి మీసం ఒక పక్కకు వేలాడుతున్నది.

"చౌడీ, మీసం ఎప్పుడు మొలిచిందే నీకు?"

"నువ్వు వారం రోజులు ఇంటికి రాకపోతే మొలవదా మావా."

"నూలు ఏట్లోనే వదిలేశాను. కుళ్ళిపోయి ఉంటుంది" అని దిగులుపడ్డాడు ఆయన. అంతవరకూ నిబ్బరంగా ఉన్న చౌడమ్మ ఆ మాటకు భోరున ఏడ్చింది.

సోమయాజి తడబడుతూ వచ్చి, పండితవేషంలోని నేతగత్తెకు చేతులు జోడించాడు. "తల్లీ, ఎక్కడ పొరబడ్డామో ఇప్పుడు తెలిసింది. మా గురువుగారు ఈ లెక్కను దండును బారులు తీర్చడానికి కట్టారు. అప్పుడు మన దండులో రెండువందల ఎనభై ఎనిమిది మందే. ఏడవ ద్వారపాలకుడు పదిహేడు, పదిహేడు పదిహేడులు రెండువందల ఎనభై తొమ్మిది కనుక అంతవరకు ఆరుగురు ద్వారపాలకులు చాలు, వారికి లొంగనిది నిజంగా అఖండమే. దండు పెరిగింది, నగరం పెరిగింది. మేము మాత్రం ద్వారపాలకులను పెంచలేదు."

"అదంతా తరువాత. ముందు వీళ్ళను పట్టాలి" అని కీర్తిధ్వజుడు బుట్ట బోర్లించి, మగ్గపు పుల్లలు పారబోసి, చిన్న జటిలాంకులను తోక పట్టుకొన్న ఎలుకల్లా ఒక్కొక్కరినే అందులో వేయసాగాడు. "సోమయాజిగారూ, తలా కొంతమందిని సమానంగా పంచుకొని పడదాం. యాభై తొమ్మిదిని ఎట్లా పంచాలి?"

సోమయాజి వేళ్ళు మడిచాడు. రెండు, మూడు, అయిదు, ఏడు. ఈసారి మరొకసారి సరిచూసుకొని గాని నోరు విప్పలేదు. "దీన్ని పంచడం కుదరదు యువరాజా. చిన్నది కనుక ధైర్యంగా చెబుతున్నాను, ఇది నిజంగా అఖండమే."

"ఇన్నాళ్ళకు ఒక్క మాట సరిగ్గా చెప్పావు" అన్నది బుట్టలోనుంచి ఒక సన్నని గొంతు.

పంచుకోకుండానే పట్టారు. వంటవారు గరిటెలతో, మావటీలు అంకుశాలతో, రాణివాసం వారు కొంగులతో గుహంతా గాలించారు. చివరకు యువరాజు బుట్ట మూత వేసి, చౌడమ్మ ఎదుట పెట్టి, లెక్క ఆమెకే అప్పగించాడు. ఆమె మూత సందులోనుంచి ఒక్కొక్క తలే పుంజం కట్టినట్లు వేలితో నొక్కుతూ లెక్కపెట్టింది. పూర్తయ్యాక మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఏమయింది గురువుగారూ?" అన్నాడు యువరాజు.

"యాభై ఎనిమిది బాబూ."

గుహ కప్పు మీది రంధ్రంలో, ఎండకు అడ్డంగా, బొటనవేలంత నీడ ఒకటి కనబడింది. దాని గడ్డానికి ఒకే ఒక్క వెండి గజ్జె. అది నవ్వి, పైకి పాకి, కొండ కొన వైపు తిరిగి ఏదో పేరు పెట్టి పిలిచింది. అప్పుడు, యుగాలుగా కదలనందుకే నిశ్చలగిరి అని పేరు తెచ్చుకొన్న ఆ కొండ, నాలుగు పక్కలా నాలుగు కాళ్ళు చాచి, ఏనుగుల మందంత పొడుగైన మెడను నేలలోనుంచి పైకి తీసి, గుహలోని ముప్పై వేల చిల్లర జనంతో నిప్పుల వాగును ఒక్క అడుగులో దాటి, పడమటి సముద్రం వైపు నడక సాగించింది.

దేవలయ్య భార్య చేయి గట్టిగా పట్టుకొన్నాడు. "ఇప్పుడు మిగిలింది నేను కాదు కదే?" అన్నాడు.

"కాదు మావా" అన్నది చౌడమ్మ, నడుముకున్న పైట బిగిస్తూ. "ఈసారి మిగిలింది వాడు."

ఆ నడిచే కొండ మీద వారిని కాచిన తల్లి ఈ కథ చదివినవారిని, చదువగా విన్నవారిని, వింటూ కునికినవారిని కూడా కాచుగాక. మీ ఇంట పంక్తి తీరిననాడు చివర వచ్చినవారికి ఒక చోటు ఖాళీగా ఉండుగాక. ఎవ్వరూ లెక్కకు వెలియై ఒంటరిగా మిగలకుందురుగాక.